ఐదడుగుల తేడా

కోట పోయి ఎన్నో తరాలైంది. కందకం పూడ్చి బజారు వేశారు, బురుజుల రాళ్లు మోసుకెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. రాళ్లు ఊడని చోట కోటగోడనే వెనకగోడ అనుకుని, దాని ముందు రెండేసి గదులు లేపేశారు. అలా పెరిగిన పేట అది. ఏ రెండిళ్లూ ఒక వరసలో ఉండవు. సర్వేయరు తల ప్రాణం తోకకి రావడానికి ఆ పేట ఒక్కటి చాలు.

టైలరక్క ఇంటి ప్లాను మూడుసార్లు వెనక్కొచ్చింది. బయట గుమ్మం నుంచి వెనకసందు దాకా ముప్పై అడుగులు. లోపల వెనకగోడ దాకా ఇరవై రెండు. వీధి చివర తెగిన చోట కొలిస్తే కోటగోడ మందం మూడు. మిగతా ఐదడుగులు ఏమయ్యాయని ఆఫీసరు ప్రతిసారీ ఎర్రసిరాతో గీకుతున్నాడు. ఇవాళ ఐదింటిలోగా ప్లాను పాసవకపోతే రోడ్డు వెడల్పులో ఇల్లు పోతుంది. ఆమె, ఆమె కుట్టుమిషను వీధిలో పడతాయి.

"ఇంకెన్నిసార్లు కొలుస్తారు సార్? నా ఇల్లేమన్నా జాకెట్టా, మనిషికో కొలత రావడానికి?"

"నాకు మాత్రం సరదానా అమ్మా? ఈ కొస పట్టుకుని గోడకి ఆనించు."

వెనకగదికి కిటికీ లేదు. మధ్యాహ్నం మూడింటికే చీకటి. పాత సున్నం వాసన, తడిమట్టి వాసన. బజారు రొద అక్కడికి రాదు. టేపు కొస ఆమె చేతిలో పెట్టి, సర్వేయరు విసుక్కుంటూ ముందు గుమ్మం దాకా వచ్చాడు.

"పట్టుకున్నావా?"

కాసేపటికి లోపల్నుంచి, జీరగా... "పట్టుకున్నా."

టేపు బిగిసింది. ఇరవై ఏడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఇరవై ఏడే! మూడు కలిపితే ముప్పై. నెలరోజుల పీడ వదిలిందని గబగబా రాసుకున్నాడు.

అప్పుడు టైలరక్క వీధిలోంచి వచ్చింది, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో.

"కొస మేకుకి తగిలించి, పక్కతలుపులోంచి టీకి వెళ్లాను సార్. కొలత ఆగిపోయిందా?"

అతని చేతిలో టేపు కదిలింది... రెండుసార్లు. అవతలి మనిషి 'వదిలేయనా?' అని అడగడానికి లాగే తీరు అది. కొలతల పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

టేపు చుట్టాడు. కొస తడిగా ఉంది. దానిమీద పచ్చి సున్నం.

లోపలికెళ్లి చూడాలి. చూడలేదు. టైము నాలుగు దాటింది. భయమూ విసుగూ పోట్లాడుకుంటే విసుగే గెలిచింది. ఆ ఐదడుగుల్ని గది అని రాశాడు. గుమ్మం లేని గదిని ఆఫీసులో ఒప్పుకోరు. అలవాటుకొద్దీ వెనకగోడలో ఒక గుమ్మం గీసేశాడు. ఐదుకి పది నిమిషాలుందనగా ముద్ర పడింది. ఇల్లు నిలిచింది. హమ్మయ్య అనుకున్నాడు.

బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. టైలరక్క. గుసగుసగా మాట్లాడుతోంది.

"సార్... వెనకగోడలో తలుపు ఎవరు పెట్టారు?"

"గడియ వేసెయ్ అమ్మా."

"గడియ ఇటువైపు లేదు సార్..."

"ఇంట్లోంచి బయటికి రా. ఇప్పుడే. పరిగెత్తు!"

"ఎలా రాను సార్..." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "చెయ్యి పట్టుకున్నారు."