మేనల్లుడి మధ్యాహ్నపు నిద్ర

సైకిలు పందేలవాళ్ళకు మధ్యాహ్నం నిద్ర కూడా ఉద్యోగంలో భాగమే. పొద్దున కొండలెక్కి దిగాక ఇంత తిని, కాళ్ళు పట్టించుకుని, హోటలు గదిలో కర్టెన్లు మూసి పడుకోవాలి. ఆ కాళ్ళు పట్టే పని మామయ్యది. తల నెరిసేదాకా ఒకే జట్టుకు మాలీషు చేశాడు. ఇప్పుడు జట్టులోకి సొంత మేనల్లుడే వచ్చాడు. అందరూ వాణ్ణి బక్కోడు అంటారు. "అన్నయ్యా, వీణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను" అని చెల్లెలు అప్పగించింది. ఆ చేతులతోనే మామయ్య వాడికి దొంగ సూది వేస్తున్నాడు.

ఆ సూది రక్తాన్ని పెంచుతుంది. కొండ మీద ఆయాసం రానివ్వదు. కాకపోతే రక్తం పాకంలా చిక్కబడుతుంది. నిద్రలో గుండె నెమ్మదించిందా, ఆ పాకం ఇక కదలదు. అందుకే బక్కోడి ఛాతీకి ఒక పట్టీ కడతారు. గుండె మరీ నెమ్మదిస్తే మామయ్య చేతి గడియారం కుయ్యిమంటుంది. వెంటనే వాణ్ణి లేపి, గదిలో స్టాండుకు బిగించిన సైకిలెక్కించి, గుండె దారిలో పడేదాకా తొక్కించాలి. కొరివితో తల గోక్కుంటూ పక్కన నీళ్ళ బిందె పెట్టుకోవడమంటే ఇదే. జట్టులో అందరూ చేసేదీ అదే.

"ఆపేద్దాం మామయ్యా, అలిసిపోయాను" అన్నాడు బక్కోడు పడుకుంటూ.

"ఇంకొక్క పందెం రా. కానిచ్చేద్దాం."

"మొన్న కూడా ఇదే అన్నావు."

మామయ్య వాడి ఛాతీకి పట్టీ బిగించాడు. పందేలు మొదలైనప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. కుర్చీలో కూలబడ్డాడు. గదినిండా మాలీషు నూనె వాసన. కర్టెన్ల వెనక ఎండ. ఎక్కడో లిఫ్టు మూలుగుతోంది...

గడియారం కుయ్యిమంది.

రెప్పలు విడలేదు. లేవాలి, వాణ్ణి లేపాలి అనుకుంటూనే ఉన్నాడు. ఇంతలో చక్రం తిరుగుతున్న చప్పుడు, నిదానంగా.

"నేనే లేచి తొక్కుతున్నాలే మామయ్యా... నువ్వు పడుకో."

చెవి పక్కనే గుసగుస. నా బంగారు తండ్రి, అనుకున్నాడు. ప్రాణం తేలికపడింది. తడుముకుంటూ గడియారం నోరు నొక్కేసి మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు.

మెలకువ వచ్చేసరికి కర్టెన్ల వెనక ఎండ లేదు. చక్రం ఇంకా తిరుగుతోంది.

"చాల్లేరా, దిగు. ఇంతసేపా?"

చప్పుడు జోరందుకుంది.

"ఒరేయ్..."

లైటు వేశాడు. చప్పుడు ఆగింది. సైకిలు మీద ఎవరూ లేరు. సీటు మీదుగా మామయ్య ఆరేసిన తువ్వాలు మడత కూడా చెదరలేదు.

బక్కోడు మంచం మీదే ఉన్నాడు, పడుకున్నవాడు పడుకున్నట్టే. నుదురు చల్లగా ఉంది. వాడి చెయ్యి ఎత్తబోతే కొయ్యలా బిగిసి ఉంది. గడియారం కుయ్యిమన్నప్పుడే పోయి ఉంటాడు. లేచి ఒక్కసారి కుదిపినా బతికేవాడు. "అయ్యో, నా తండ్రీ" అంటూ మామయ్య మంచం పక్కన కూలిపోయాడు. చెల్లెలికి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

ఏం చెయ్యాలో తోచలేదు. తెలిసిన పని ఒక్కటే. దుప్పటి తొలగించి కాళ్ళు పట్టుకున్నాడు.

పిక్కలు కాలిపోతున్నాయి. చెమటతో తడిసి ఉన్నాయి, అప్పుడే కొండెక్కి దిగినట్టు. చేతులు వెనక్కి తీసుకోలేకపోయాడు... అరచేతి కింద కుడి పిక్క మెల్లగా వదులైంది. ఎడమది బిగిసింది. ఎడమది వదులైంది.

కుడిది బిగిసింది.