మెత్తబడిన పెడల్

"ఫార్టీవన్! పదింటికి ఒక పికప్ వస్తుంది. బ్రేక్ పెడల్ మెత్తగా ఉందట. పదకొండున్నరకల్లా సరిచేసి పంపాలి."

మల్టీమీటర్‌లో దాచిన రేడియోలోంచి చీఫ్ గొంతు గరగరలాడింది. ఏజెంట్ ఫార్టీవన్ షెడ్డు షట్టర్ సగం దించాడు.

"వెనకాల పెట్టెల మధ్య ఒక పెద్దాయన ఉంటాడు. శత్రువుల సైఫర్ ఆఫీసులో గుమాస్తా. మన దేశంలో ఉన్న వాళ్ళ గూఢచారులందరి పేర్లూ ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఆయన కనుమ దిగి సరిహద్దు దాటాలి. ఓవర్."

"ఓకే సార్."

శత్రుదేశంలోని ఆ ఊరికి అతను మూగ మెకానిక్. యాస పట్టిస్తుందని తొమ్మిదేళ్ళ కిందటే నోరు కట్టేసుకున్నాడు. కస్టమర్లకు తలూపడం, చేతులు తిప్పడం, నెలకోసారి రేడియోలో నాలుగు పొడి మాటలు. అంతే. నిద్రలో పలవరిస్తానేమోనన్న భయంతో నోటికి తువాలు చుట్టుకుని పడుకునేవాడు.

సరిగ్గా పదింటికి షట్టర్ ఎత్తగానే పికప్ లోపలికి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు సర్దుకుంటూ ఒక అందగత్తె దిగింది. హెడ్‌క్వార్టర్స్‌లో ఆమె పేరు నెమలి.

"గాలికి దీపం ఆరిందా?" సంకేతవాక్యం అడిగింది.

"చెయ్యి అడ్డం పెట్టాను." గొంతు తుప్పు పట్టిన బోల్టులా కదిలింది.

నెమలి నవ్వింది. "మన భాష మర్చిపోయావా మేస్త్రీ?"

"మర్చిపోలేదండీ. వాడలేదు."

"ఇందాక వాలులో తొక్కితే స్పాంజిలా దిగిపోయింది. చీఫ్ చూపించమన్నాడని వచ్చాను గానీ, నన్నడిగితే టైమ్ దండగ. కనుమ మొదట్లో డ్రైవర్ ఎక్కుతాడు, నేను దిగిపోతాను."

అతను బానెట్ ఎత్తాడు. ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. చక్రాల వెనక తడి లేదు. పెడల్‌ని నిమిషంపాటు తొక్కి పట్టాడు. కిందికి జారలేదు. అంటే మాస్టర్ సిలిండర్ మంచిదే. టకటకా మూడుసార్లు తొక్కితే గట్టిపడింది. లైన్లో గాలి ఉంది.

నెమలిని సీట్లో కూర్చోబెట్టి, వెనక చక్రం దగ్గర పడుకున్నాడు.

"తొక్కండి."

"తొక్కా."

"అలాగే పట్టండి." గాలి వదిలే నిపిల్ వదులు చేశాడు. బుడగలతో ఆయిల్ సీసాలోకి కారింది. బిగించాడు. "వదలండి."

"వదిలా."

ఇది ఇద్దరు మనుషుల పని. తొమ్మిదేళ్ళుగా సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర దూర్చి ఒక్కడే చేసుకున్నాడు. బుడగలు ఆగిపోయాక కూడా, ఆ గొంతు వినాలని, ఇంకో నాలుగుసార్లు తొక్కమన్నాడు.

నిపిల్ బిగించబోతూ ఆగిపోయాడు. లీకు లేకుండా గాలి ఎలా దూరింది? డ్రమ్ము ఇంకా కాలిపోతోంది. ఒకవేళ అది గాలి కాకుండా ఆవిరైతే?

సీసాలోని ఆయిల్ రేకు మూతలో పోసి స్టవ్ మీద పెట్టి, మల్టీమీటర్‌కున్న వేడి కొలిచే తీగ ముంచాడు. మంచి బ్రేక్ ఆయిల్ రెండొందల డిగ్రీలకు గానీ మరగదు. ఇది నూట పదిహేనుకే బుడబుడలాడింది.

ఎవరో నీళ్ళు కలిపారు! కనుమలో బ్రేకులు వేడెక్కితే పెడల్ నేలకంటుతుంది. బండి లోయలో పడుతుంది. కోసిన పైపు ఉండదు, సాక్ష్యం ఉండదు.

కిటికీ దగ్గరికి వచ్చాడు. అడగాలని లేదు. అడిగాడు.

"కనుమ మొదట్లో నువ్వెందుకు దిగిపోతున్నావు?"

నెమలి కళ్ళద్దాలు తీసింది. "మూగాడివనుకున్నా. బాగానే మాట్లాడుతున్నావే!"

తాళం తిరిగింది. పికప్ షెడ్డులోంచి ఒక్క ఉదుటున దూకింది. బయట వాలు, వాలు కింద రోడ్డు, రోడ్డవతల కాలువ. మలుపులో ఆమె బ్రేక్ తొక్కింది. నిపిల్ ఇంకా తెరిచే ఉంది. పెడల్ చప్పుడు లేకుండా నేలకంటింది.

"బాబూ!" పెట్టెల మధ్యనుంచి పెద్దాయన కేక.

అతను పరుగెత్తి, కిటికీలోంచి సగం లోపలికి దూరి హ్యాండ్‌బ్రేక్ పీకాడు. దానికి ఆయిల్‌తో పనిలేదు, ఉత్త తీగ. వెనక చక్రాలు కీచుమన్నాయి. గట్టు అంచున మట్టి పెళ్ళ ఊడి నీళ్ళలో పడింది. బండి పడలేదు.

నెమలిని వెనక గదిలో కుర్చీకి కట్టేశాడు. రేడియోలో చీఫ్‌కు చెప్పి డ్రైవర్‌ను షెడ్డుకే రప్పించాడు. నాలుగు చక్రాలకూ పాత ఆయిల్ కార్చేసి కొత్తది పోస్తుంటే, పెద్దాయనే సీట్లో కూర్చుని పెడల్ తొక్కాడు. పదకొండూ ఇరవై అయిదుకు పెడల్ రాయిలా నిలిచింది.

"ఈ ఊళ్ళో నీకెవరున్నారు బాబూ?" బండి ఎక్కుతూ అడిగాడు పెద్దాయన.

"పనుందండీ."

ఒంటిగంటకు రేడియో పలికింది. "శభాష్ ఫార్టీవన్! పెద్దాయన దాటేశాడు. నెమలిని తీసుకెళ్ళే టీమ్ మాత్రం సాయంత్రం ఆరు దాటితే గానీ రాదు. అంతసేపు ఆవిడతో వేగగలవా?"

గదిలో నెమలి తలెత్తింది. "దాహమేస్తోంది. కాసిని మంచినీళ్ళిస్తావా? ఇంతకీ మీ అమ్మగారిది ఏ ఊరు?"

అతను ఆమె ఎదురుగా స్టూలు లాక్కున్నాడు.

"కంగారేం లేదు సార్," అన్నాడు రేడియోలో. "నిదానంగా రమ్మనండి."