వెనక సీటు

పెద్దాయన కారు కడగడం పూర్తిచేసి, అద్దాల మీద మిగిలిన తడిని పాత బనీను ముక్కతో తుడుస్తున్నాడు. ఆ కారుకి ఆయన మనవరాలికన్నా, ఆ మాటకొస్తే కోడలి కాపురంకన్నా ఎక్కువ వయసు. అయినా తాళం తిప్పగానే పలుకుతుంది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, ఎవరి ఒంటి మీదా గీత పడనివ్వకుండా రిటైరైన మనిషి. ఇప్పుడాయనకి మిగిలిన డ్యూటీ ఒక్కటే, మనవరాలిని బడిలో దింపి తీసుకురావడం. ఒకచోట నిలవకుండా ఇల్లంతా గెంతుతుందని ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు.

"పిచ్చుకా, బండి రెడీ!" అని కేకేశాడు.

పిచ్చుక బ్యాగుతో పరుగెత్తుకొచ్చింది. వెనకాలే వచ్చిన కోడలు గుమ్మంలో పిల్ల భుజం పట్టుకుని ఆపింది.

"మామయ్యా, ఇవాళ్టి నుంచి ఇది స్కూలు బస్సులో వెళ్తుంది."

"ఏం? పెట్రోలుందిగా. నిన్ననే కొట్టించాను."

"పెట్రోలు గురించి కాదు. ఈ కారులో వద్దు."

పెద్దాయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "నేను నడిపితే భయమా అమ్మాయ్?"

"మీరు నడిపితే కాదు. పక్క వీధిలోంచి ఎవడైనా దూసుకొచ్చి గుద్దితే? ఈ డొక్కు ఆపుతుందా?"

డొక్కు అన్న మాటకి ఆయన ముఖం కందిపోయింది. "డొక్కా? దీని రేకు మీద కొట్టి చూడు, ఖంగుమంటుంది. మీ కంపెనీలో చేసేవేగా నారా జిగురూ కలిపిన అట్టముక్కలు! నువ్వొచ్చి నాకు బండి సంగతి చెప్తావా?"

"చెప్తాను. నా పనే అది. నా కూతుర్ని మీ సరదా కోసం ఇందులో కూర్చోబెట్టలేను."

వంటింట్లోంచి అత్తగారు గబగబా వచ్చింది. "పొద్దున్నే ఇద్దరికీ బ్రేకులు ఫెయిలయ్యాయా? పిల్ల వింటోంది." షర్టు గుండీలు పెట్టుకుంటూ వచ్చిన కొడుకు, తండ్రినీ భార్యనీ మార్చి మార్చి చూసి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ లోపలికే వెళ్ళాడు.

పెద్దాయన తాళం తీసుకెళ్ళి మేకుకి తగిలించి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

కోడలు కార్ల కంపెనీలో ఇంజనీరు, రోజూ తన కొత్త కారులో పనికి వెళ్తుంది. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య నిలువుగా ఉండే ఉక్కు స్తంభాన్ని, బరువు పెరగకుండా బలంగా చెయ్యడం ఆమె పని. గాజుపోగులూ కార్బన్ పోగులూ జిగురులో తడిపి, అచ్చులో బిగించి గట్టిపరిచిన పట్టీని ఆ స్తంభం లోపల అతికిస్తారు. ముందురోజు, కారుని పక్కనుంచి గుద్దించి చూసే పరీక్షలో ఆ పట్టీ అంచు ఊడిపోయింది. స్తంభం లోపలికి వంగి, వెనక సీట్లో కూర్చోబెట్టిన పిల్లబొమ్మ భుజాన్ని నొక్కేసింది. ఆ బొమ్మ సరిగ్గా పిచ్చుక అంత ఉంటుంది. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా దాచుకున్న భయమే పొద్దున కోపమై బయటికొచ్చింది.

తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. పెద్దాయన తింటున్నాడు, పేపరు చదువుతున్నాడు, అడిగినదానికి ఊ అంటున్నాడు. కోడలు ఎదురుగా నిలబడి ఉన్నా, "గ్యాసు అయిపోవచ్చిందట, నీ కోడలికి చెప్పు" అని భార్యతో కబురు పంపేవాడు. "నేనేమన్నా పోస్టాఫీసునా?" అని విసుక్కుంటూనే ఆవిడ ఆ కబుర్లు చేరవేసేది.

ఒక సాయంత్రం కోడలు పిచ్చుకకి జడ వేస్తుంటే ఆ పిల్ల ఉన్నట్టుండి అంది. "అమ్మా, బస్సులో ఎవరూ నాతో మాట్లాడరు. తాతయ్య అయితే ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక కథ చెప్పేవాడు. ఏనుగు కథ సగంలోనే ఉండిపోయింది. అడిగితే, కారులో అయితేనే గుర్తొస్తుందంటాడు."

కోడలి చేతిలో జడ పాయలు అలాగే ఉండిపోయాయి. తను ఆపింది కారునే అనుకుంది. కానీ ఆయన రోజంతా ఎదురుచూసే ఆ కాస్త సేపే పోయింది. జడ ముగించి నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది.

"మామయ్యా, చెప్పాల్సిన మాటే చెప్పాను. చెప్పిన తీరే బాగాలేదు. పిల్ల ముందు మిమ్మల్ని అలా అనకూడదు." మంచం అంచున కూర్చుంది. "మా పరీక్షలో నా పట్టీ ఊడిపోయింది. వెనక సీట్లో పెట్టిన పిల్లబొమ్మ స్థానంలో నాకు పిచ్చుకే కనిపించింది."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "మరి ఇప్పుడెలా ఉంది నీ పట్టీ?" అని అడిగాడు.

"అంచుల దగ్గర మందం ఒక్కసారిగా తగ్గిపోయింది, అందుకే అక్కణ్ణుంచి ఊడింది. క్రమంగా పల్చబడేలా మార్చాం. జిగురు కూడా కాస్త సాగేది వాడాం. వచ్చే శనివారం మళ్ళీ పరీక్ష. ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నారు. మీరు వస్తారా?"

"చూద్దాంలే" అన్నాడు. శనివారం అందరికన్నా ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డది ఆయనే.

పరీక్షశాల పెద్ద గోదాములా ఉంది. ఓ మూల, కిందటిసారి గుద్దించిన కారు డొల్ల ఇంకా అలాగే ఉంది. పెద్దాయన దాని దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూశాడు. సొట్టలు ఆయనకి కొత్త కాదు. కానీ లోపలికి తోసుకొచ్చిన స్తంభం కింద, పిల్లల సీటు నలిగి ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. ఆయన ఆ సీటు వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"నేను రోజూ పిచ్చుకని ఇక్కడే కూర్చోబెట్టేవాణ్ణి" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. అత్తగారు ఆయన మోచెయ్యి పట్టుకుంది.

అందర్నీ గాజుగోడ వెనక నిలబెట్టారు. బరువైన బండి ఒకటి పట్టాల మీద దూసుకొచ్చి కొత్త కారుని పక్కనుంచి గుద్దింది. పిచ్చుక చెవులు మూసుకుంది. కోడలు కళ్ళు మూసుకుంది. చప్పుడు ఆగాక, పరీక్షశాల అధికారి కారు చుట్టూ తిరిగి చూసి, రావచ్చన్నట్టు చెయ్యి ఊపాడు.

తలుపు రేకు నలిగింది. స్తంభం కొద్దిగా వంగి, అక్కడే ఆగిపోయింది. పట్టీ ఊడలేదు.

"నేనొకసారి తలుపు తియ్యొచ్చా?" అని అడిగాడు పెద్దాయన. అధికారి నవ్వి తలూపాడు. వెనక తలుపు కాస్త మొరాయించి, ఆయన గట్టిగా లాగగానే తెరుచుకుంది. ఆయన తన వెడల్పాటి అరచేతిని బొమ్మ భుజానికీ స్తంభానికీ మధ్య పెట్టి చూశాడు. చెయ్యి అటూ ఇటూ సులువుగా ఆడింది.

"చోటుందమ్మా" అన్నాడు కోడలి వైపు తిరిగి. కళ్ళు నిండిపోయాయి. "బిడ్డకి చోటు మిగిల్చావు."

కోడలు ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. అత్తగారు కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, "ఇక మీ కబుర్లు మీరే చెప్పుకోండి, నేను రిటైరయ్యాను" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు కోడలు తన కారు తాళం ఆయన చేతిలో పెట్టింది. "రోజూ మీరే నడపండి. నేను కంపెనీ బస్సులో పోతాను."

"నీ బ్రేకు మరీ మెత్తగా ఉంది" అని గొణుగుతూనే ఆయన సీటు ముందుకి జరుపుకున్నాడు. వెనక సీట్లో పిచ్చుక, నానమ్మా నాన్నల మధ్య కూర్చుని, ఏనుగు కథ మిగతా సగం చెప్పమని పట్టుబట్టింది. ఆయన మొదలుపెట్టాడు. పక్క సీట్లో కోడలు కాసేపు విని, మొదటి కూడలి రాకముందే నిద్రలోకి జారుకుంది. పెద్దాయన అది చూసి గొంతు తగ్గించాడు, ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా హారను కొట్టలేదు.