నోరు తెరిచి విన్న నవల

"నోరు తెరవండి."

"ముందు మీ చేతిలో ఉన్నదేమిటో చెప్పండి."

"అద్దం. మీ అందం మీకు చూపించడానికి కాదు, మీ పన్ను నేను చూసుకోడానికి."

కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండూ గట్టిగా బిగించి పట్టుకున్న ఆ కుర్రాడు లిఫ్ట్ మెకానిక్. ఎంత ఎత్తు భవనంలోనైనా తాడుకు వేలాడుతూ ఈల వేయగలడు. పళ్ల డాక్టరు బోర్డు కనిపిస్తే మాత్రం వీధి మారిపోతాడు. లవంగ నూనెతో నెట్టుకొచ్చినంత కాలం నెట్టుకొచ్చాడు. చివరికి దవడ బూరెలా వాచాక వాళ్ల వదిన రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఇక్కడ పడేసి వెళ్లింది.

డాక్టరమ్మది ఇంచుమించు అతని వయసే. మాస్కు పైన కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ కళ్లు నవ్వుతున్నాయని మాత్రం తెలిసిపోతోంది.

"చారిత్రక నవలలు చదువుతారా?" అంది.

"స్కూల్లో చరిత్ర అంటేనే పారిపోయేవాణ్ణి."

"అందులో తేదీలుంటాయి. ఇందులో మనుషులుంటారు. కళ్లు మూసుకోండి. శత్రుసేన కోటను చుట్టుముట్టింది. లోపల రాణి ఒక్కతే. బావుల్లో నీళ్లు అడుగంటాయి. సొరంగం దారి తెలిసిన ముసలి మంత్రి ఆ ఉదయమే శత్రువుల చేతికి చిక్కాడు..."

సూది ఎప్పుడు దిగిందో అతనికి తెలియనే లేదు. పంటి మీద మిషను గుర్రుమంటుంటే, గుర్రాలు కోట మీదికి దూసుకొస్తున్నాయనుకున్నాడు.

"ఇవాళ్టికి ఇంతే. గురువారం రండి."

"మంత్రి నోరు విప్పాడా?" మొద్దుబారిన పెదవితోనే అడిగాడు.

"ముందు మీరు విప్పండి, గురువారం."

ప్లైవుడ్ గోడకు అవతలి గదిలో ఎవరో దగ్గారు. అది డాక్టరమ్మ వాళ్ల నాన్నగారి గది. ఆయన పెద్ద డాక్టరు.

గురువారం వదిన లాక్కు రావాల్సిన పని లేకపోయింది. క్లినిక్ తాళం తీసేసరికే అతను గుమ్మంలో ఉన్నాడు.

ఆరోజు మంత్రి నోరు విప్పలేదు. రాణి తెల్లగుర్రమెక్కి బయటికొచ్చింది. యుద్ధం ముగిసింది. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగింది. అతని కళ్లు "తర్వాత?" అన్నట్టు ఆమెనే చూస్తున్నాయి.

"ఆ యుద్ధంలో ఒక భటుడున్నాడు," అంది ఆమె. "తాడు పట్టుకుని కోటగోడలు ఎక్కుతాడు. కత్తికి బెదరడు. గాయమైందని మోసుకొస్తే, రాజవైద్యురాలి చేతిలో పటకారు చూసి మూర్ఛపోయాడు."

"ఆఁ! ఊఁ!" అన్నాడతను నోట్లో దూదితో.

"మాట్లాడకండి, దూది ఊడుతుంది."

తర్వాత వచ్చినప్పుడల్లా కథంతా భటుడిదీ రాజవైద్యురాలిదే. అతనికి రాత్రి పడుకున్నా అదే ధ్యాస. చివరికి భటుడి గాయం మానింది. తిరిగి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. గుమ్మం దాకా వెళ్లిన భటుడు వెనక్కి తిరిగాడు.

"ఏమన్నాడు?"

"పంటికి వేసిన క్యాప్ బాగా అతికింది. గట్టివి నమలకండి."

"అలా అన్నాడా?"

"నేనంటున్నాను. మీ పని అయిపోయింది. ఇక రానక్కర్లేదు." ఆమె తల తిప్పుకుని గ్లవ్స్ విప్పుకుంది.

ఇక రానక్కర్లేదు! పన్ను నొప్పి పోయి గుండెలో పట్టుకుంది అతనికి. పన్ను బాగైపోయిన మనిషి ఏ మొహం పెట్టుకుని మళ్లీ వెళ్తాడు?

కనీసం కథైనా తెలుసుకుందామని పుస్తకాల షాపుకు పరిగెత్తాడు. డాక్టరమ్మ గదిలో పుస్తకాల అరలో చూసిన అట్ట అతనికి గుర్తే. మండే కోట, తెల్లగుర్రం మీద రాణి. కొని, మర్నాడు మధ్యాహ్నం ఆగి ఉన్న లిఫ్టు పైకెక్కి కూర్చుని తెరిచాడు. లంచ్ బాక్స్ మూత తీసి తినడం మరిచిపోయాడు. కింద నుంచి సూపర్‌వైజర్ అరుస్తుంటే, శత్రువుల సేనాపతి అనుకున్నాడు. ఏమి చదువు అది! పేజీ తిప్పిన ప్రతిసారీ ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ ఇంత సంతోషం తనకు తెలియకుండా ఎవరు దాచారా అని కోపం కూడా వచ్చింది.

రాణి గెలిచింది. పుస్తకం అయిపోయింది.

మరి భటుడేడి? వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. భటుడు లేడు, రాజవైద్యురాలు లేదు, పటకారు అసలే లేదు.

వానలో తడుస్తూ క్లినిక్‌లోకి దూసుకెళ్లాడు. "నన్ను వెర్రివాణ్ణి చేశారు కదూ? పేషెంట్లందరికీ ఇలాగే కథలు అల్లుతారా?"

ఆమె కళ్లు అతని చేతిలోని పుస్తకం మీద పడ్డాయి. "చదివేశారా?"

"మొత్తం! మంత్రి చనిపోయిన చోట ఏడ్చాను కూడా. అది వేరే సంగతి. భటుడు ఎక్కడ?"

"నవల ఆ గురువారమే అయిపోయింది," అందామె నెమ్మదిగా. "ఇంకెవరైనా అయితే అక్కడే ఆపేసేదాన్ని. మీరు అలా చూస్తుంటే ఆపబుద్ధి కాలేదు. మీరొచ్చే రోజు కోసం రాత్రంతా కూర్చుని అల్లేదాన్ని. ఈ జవాబు చాలా?"

అతని కోపం ఎటు పోయిందో పోయింది. "మరి ముగింపు ఎందుకు చెప్పలేదు?"

"గుమ్మంలో ఆగిన భటుడు ఏమన్నాడో నాకెలా తెలుస్తుంది? అతనే చెప్పాలి."

ఇప్పుడు నోట్లో దూది లేదు, మత్తుమందు లేదు. అయినా పుస్తకాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు.

"నోరు తెరవండి," అంది ఆమె.

"గాయం మానిపోయింది," అన్నాడు అతను. "అయినా నాకు వెళ్లాలని లేదు. మీరంటే నాకిష్టం. చాలా ఇష్టం. పటకారుతో సహా."

గోడ అవతల నుంచి పెద్ద డాక్టరుగారి గొంతు ఖంగుమంది. "అమ్మాయీ! కుర్రాడు చెప్పేశాడుగా, నువ్వేమంటావో తొందరగా చెప్పు. ఇక్కడ నా పేషెంటు నోరు మూయడం లేదు!"

ఆమె మాస్కు తీసేసింది. ఇన్నాళ్లూ కళ్లలోనే చూసిన ఆ నవ్వును అతను మొదటిసారి పూర్తిగా చూశాడు.

"రాజవైద్యురాలు ఏమందంటే..." అని ఆపేసింది.

"అమ్మో, మళ్లీ గురువారమా?"

"కాదు," అందామె. "ఇవాళ సాయంత్రమే."