హాల్ కోటు విప్పాడా?

గ్యారెట్ వోస్‌ను ట్రెస్సా మొదటిసారి చూసింది తన ఇంటి కప్పు మీద.

కిందటి అక్టోబరు మాట. ముందురోజు లార్క్‌ఫీల్డ్ ఊరంతా నిమ్మకాయలంత వడగళ్ళు పడ్డాయి. పశువుల ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, ఎవరో పొడుగాటి మనిషి కప్పు మీద తాపీగా తిరుగుతూ ఫొటోలు తీసుకుంటున్నాడు. గోడకి నిచ్చెన, వాకిట్లో ట్రక్కు, దానికి టెక్సాస్ నంబరు. ట్రెస్సాకి ఒళ్ళు మండిపోయింది. వడగళ్ళు పడిన మర్నాడే ఎక్కడెక్కడి కప్పుల పనివాళ్ళూ ఓక్లహోమాలో వాలిపోతారు. మరో రాష్ట్రంలో వడగళ్ళు పడ్డాయని తెలియగానే చేస్తున్న పని సగంలో వదిలి అటు పరిగెడతారు. అది ఆమె పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే.

ఆమె నిచ్చెన తీసి గడ్డిలో పడుకోబెట్టింది.

“హలో! మేడమ్! అది నా నిచ్చెన!”

“ఇది మా కప్పు. ఎవరు ఎక్కమన్నారు మిమ్మల్ని?”

“పదిహేడో నంబరు వాళ్ళు రమ్మన్నారండీ...”

“పదిహేడు అవతలి వీధిలో ఉంది. అక్కణ్ణించి బాగా కనిపిస్తుంది, చూసుకోండి,” అని తలుపేసుకుంది.

నలభై నిమిషాలు పోయాక అమ్మమ్మ నీవా జాలిపడి అతన్ని దింపింది. దింపడమే కాదు, లోపలికి పిలిచి బెండకాయ వేపుడు కూడా పెట్టింది. అతను రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. సిగ్గు లేని మనిషి అనుకుంది ట్రెస్సా.

నవంబరు వచ్చేసరికి ఆ సిగ్గులేని మనిషే పక్కిల్లు కొనుక్కున్నాడు.

చలికాలమంతా ట్రెస్సా అతనితో పొడిపొడిగానే ఉంది. మార్చిలో కంచె దగ్గర మాటలు మొదలయ్యాయి. ఏప్రిల్‌కి ఆ మాటలు గంటల్లోకి వెళ్ళాయి. మీరు కాస్తా నువ్వు అయింది. అతను నవ్వితే ఎడమ బుగ్గ మీద చొట్ట పడుతుందని, అబద్ధమాడితే మెడ గోక్కుంటాడని ఆమె కనిపెట్టేసింది. ఇవన్నీ ఎందుకు కనిపెడుతున్నానని తనని తాను అడిగి, జవాబు నచ్చక మానేసింది.

అమ్మమ్మకి మాత్రం అతనిలో ఒక్కటే లోపం కనిపించింది. అతను హాల్ బ్రెనర్‌ని చూడడు.

ఆ ఊళ్ళో టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళు చుట్టాలకంటే ఎక్కువ. ఎవరు ఏ చర్చికి వెళ్తారో ఎవరూ పట్టించుకోరు గానీ, ఎవరింట్లో ఏ ఛానల్ పెడతారో అందరికీ తెలుసు. నీవాది హాల్ పార్టీ. హాల్ కోటు వేసుకుని మాట్లాడుతుంటే వంట చేసుకోవచ్చు. కోటు చేతులు పైకి మడిచాడంటే టార్చిలైటు వెతుక్కోవాలి. కోటు విప్పి కుర్చీకి తగిలించాడంటే మాత్రం ఇంక మారు మాట్లాడకుండా దాక్కోవాలి. ముప్ఫై ఏళ్ళలో హాల్ నాలుగుసార్లే కోటు విప్పాడు. నాలుగుసార్లూ టోర్నడో వచ్చింది.

“మీ హాల్‌కి చెమట పట్టినా ఊరు ఖాళీ చేస్తారేమో అమ్మమ్మగారూ,” అనేవాడు గ్యారెట్.

“నీ ఛానల్‌లో ఆ కుర్రవాడికి మీసాలే సరిగ్గా రాలేదు, మేఘాలేం తెలుస్తాయిరా?” అనేది నీవా.

ఏప్రిల్ చివరి గురువారం సాయంత్రం, పనినుంచి వస్తూ ట్రెస్సా ఒక దృశ్యం చూసింది. గ్యారెట్ తన నిచ్చెనలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు. కాన్సాస్‌లో మొన్న కోడిగుడ్లంత వడగళ్ళు పడ్డాయని ఆసుపత్రిలో పొద్దున్నే విన్నది. అయితే ఇతనూ అటే పరిగెడుతున్నాడన్నమాట.

“ప్రయాణమా?” అంది కంచె ఇవతల నుంచి, ఏమీ పట్టనట్టు.

“నిచ్చెనలకి. అదీ... రాత్రికి తీరిగ్గా చెప్తాను. ఆకాశం చూశావా?”

చూసింది. నైరుతి మూల పాచిపట్టిన నీళ్ళ రంగులో ఉంది. గాలి స్తంభించిపోయింది. కానీ ఆమెకి ఆకాశం మీద కంటే నిచ్చెనల మీదే కోపం ఎక్కువగా వచ్చింది.

“జాగ్రత్తగా వెళ్ళిరా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఏడున్నరకి మొదటి సైరన్ మోగింది. సైరన్ మోగితే లోపలికి వెళ్ళాలని ప్రభుత్వం చెబుతుంది. లార్క్‌ఫీల్డ్ జనం మాత్రం బయటికి వస్తారు. వీధి వీధంతా వరండాల్లోకి వచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడింది. ఎదురింటి డెల్బర్ట్ మడత కుర్చీ, ఐస్‌టీ కూడా తెచ్చుకున్నాడు.

“టోర్నడో ఎక్కడుందిట?” అని అరిచాడు డెల్బర్ట్.

“మా హాల్ చెప్పడం పాత పత్తిమిల్లు దగ్గరట! ఈశాన్యంగా పోతోందిట, మనకి భయం లేదు!” అంది నీవా తలుపులోంచి.

“మా కుర్రవాడు కుడికి తిరుగుతోందంటున్నాడు!” అని పక్క వరండా నుంచి గ్యారెట్. “తిరిగితే మన వీధే!”

“మీసాల్లేని వాడి మాట!”

“అమ్మమ్మగారూ, మా పెరటి నేలమాళిగలోకి వచ్చెయ్యండి. మీకు లేదు కదా.”

“మాకు బాత్‌టబ్బు ఉంది. పైన పరుపు కప్పుకుంటాం. టెక్సాస్ వాడి గోతిలో దూరేంత ఖర్మ పట్టలేదు.”

ఎనిమిదికి వాన మొదలైంది, బకెట్లతో గుమ్మరించినట్టు. టీవీలో హాల్ చేతులు పైకి మడిచాడు. తెర మీద వీధుల పేర్లు ఒక్కొక్కటే ఎర్రగా మారుతున్నాయి. ట్రెస్సా టార్చి, నీళ్ళ సీసా, అమ్మమ్మ మందులు సంచీలో వేసింది.

“పద అమ్మమ్మా, పక్కింటికి పోదాం.”

“కోటు ఒంటిమీదే ఉందిగా.”

“అతను కోటు విప్పేదాకా ఆగుతుందా టోర్నడో?”

“ముప్ఫై ఏళ్ళుగా ఆగింది.”

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. హాల్, కోటు, ఎర్రటి వీధులు, అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఫోన్ సిగ్నల్ కూడా లేదు. రెండో సైరన్ మోగడం మొదలైంది, ఈసారి ఆగకుండా. ట్రెస్సా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది.

“హాల్ ఏమన్నాడో తెలియకుండా నేను కదలను. నువ్వు పో.”

“నిన్ను వదిలి ఎక్కడికి పోతాను! అమ్మమ్మా, నీకు దండం పెడతాను, లే!” ట్రెస్సాకి ఏడుపు వచ్చేసింది.

తలుపు దభాలున తెరుచుకుంది. తల నుంచి బూట్ల దాకా నీళ్ళోడుతూ గ్యారెట్.

“అమ్మమ్మగారూ! ట్రక్కు రేడియోలో విన్నాను. హాల్ కోటు విప్పేశాడు!”

నీవా చటుక్కున లేచింది. “కుర్చీకి తగిలించాడా, కింద పడేశాడా?”

“కింద పడేశాడండీ!”

“అయ్యో దేవుడా, నడవండి మరి, ఇంకా నిలబడ్డారేం!” అని వాళ్ళిద్దరికంటే ముందే గుమ్మం దాటింది.

మెరుపు వెలుగులో ట్రెస్సా చూసింది. గ్యారెట్ మెడ గోక్కుంటున్నాడు.

నేలమాళిగ మెట్లు ఎనిమిది. గ్యారెట్ నీవాని ఎత్తుకుని దిగాడు. ఇనప తలుపు లాగి గడియ పెట్టాడు. లాంతరు వెలిగించాక ముగ్గురూ బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. నీవా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

“రేడియోలో కోటు ఎలా కనిపించింది?” అని ట్రెస్సా అతని చెవిలో అడిగింది.

“కనిపించలేదు. అసలు రేడియోయే పెట్టలేదు.”

“పచ్చి అబద్ధం.”

“ఆవిడ లేచిందా లేదా?”

“లేచింది. దానికి నీ కాళ్ళు మొక్కినా తప్పులేదు. కానీ గ్యారెట్, కళ్ళార్పకుండా అంత అబద్ధం ఆడావే, రేపు నాతో ఏం చెప్పినా నేనెలా నమ్మను? కాన్సాస్‌కి ఎప్పుడు వెళ్తున్నావ్?”

“వెళ్ళట్లేదు. ఆ నిచ్చెనలు క్లేకి. మా పాత ముఠా వాడు. నేను రానని చెప్పి సామాను ఇచ్చేస్తున్నాను. ఇక్కడే ఉంటాను ట్రెస్సా. నీ పక్కన. రాత్రికి తీరిగ్గా చెప్తానన్నది అదే.”

ఈ మాట కోసం తను ఎన్ని వారాలుగా చెవులు రిక్కించుకుని ఉందో ఆమెకి అప్పుడే తెలిసింది. అందుకే భయం కూడా వేసింది.

“ఇదీ కోటు లాంటిదేనా?”

“కాదు.”

“రుజువేంటి?”

“ఏమీ లేదు,” అన్నాడు. ఈసారి మెడ గోక్కోలేదు. కానీ లాంతరు వెలుగులో ఆమె సరిగ్గా చూసిందో లేదో ఆమెకే నమ్మకం లేదు.

అప్పుడొచ్చింది. ముందు చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. తర్వాత గూడ్సు రైలు నెత్తిమీదుగా పోతున్నట్టు చప్పుడు. ఇనప తలుపు గజగజ వణికింది. ట్రెస్సా ఒక చేత్తో అమ్మమ్మని, ఇంకో చేత్తో గ్యారెట్ చొక్కాని పట్టుకుంది. అతను ఇద్దరి మీదా వంగి, తన వీపు తలుపు వైపుకి తిప్పాడు. పైన ఏదో విరిగింది, ఫెళ్ళున పడింది. పది లెక్కపెట్టేలోపు అంతా అయిపోయింది. వాన చప్పుడు మిగిలింది.

గ్యారెట్ తలుపుకి భుజం ఆనించి తోశాడు. కదల్లేదు. మళ్ళీ తోశాడు.

“పెరట్లో పీకాన్ చెట్టు తలుపు మీద పడ్డట్టుంది,” అన్నాడు.

“మనం ఇక్కడున్నామని ఎవరికి తెలుసు?” అంది ట్రెస్సా. “మా కోసం మా ఇంట్లో వెతుకుతారు.”

“వెతకరు.”

“ఎందుకు వెతకరు?”

“వస్తారులే. భయపడకు,” అన్నాడు గానీ వివరం చెప్పలేదు. ఆమె చెయ్యి తీసుకుని వదలకుండా కూర్చున్నాడు. నీవా ఒక కన్ను తెరిచి ఆ చెయ్యి చూసి, మళ్ళీ మూసుకుంది.

ముప్పావు గంట పోయాక పైన మనుషుల అలికిడి, రంపం మోత వినిపించాయి. కొమ్మలు విరిగి పడ్డాయి. ఫైర్ స్టేషన్ ఓర్విన్ గారి బొంగురు గొంతు సందులోంచి దిగింది.

“గ్యారెట్ వోస్! నీవా స్ట్రిక్లర్! ట్రెస్సా లేన్! ముగ్గురూ ఉన్నారా?”

“ఉన్నాం!” అని అరిచాడు గ్యారెట్.

తలుపు తెరుచుకుని టార్చి వెలుగు మొహాన పడగానే ట్రెస్సా మొదట అడిగిన మాట ఇదే. “ఓర్విన్ గారూ, మేమిక్కడున్నామని మీకెలా తెలుసు?”

“లిస్టులో ఉంది కదమ్మా. నేలమాళిగలున్న వాళ్ళందరూ లోపల ఎవరెవరుంటారో మా దగ్గర రాయిస్తారు, తలుపు మూసుకుపోతే తవ్వి తియ్యడానికి.” ఆయన తడిసిన కాగితం మీద టార్చి వేశాడు. “ఇదిగో. నవంబరు పద్నాలుగు. ముగ్గురి పేర్లూ. అందరూ ఏడాదికి రాయిస్తారు, ఈయన అయిదేళ్ళకి రాయించాడు. ఎందుకయ్యా అంటే, మళ్ళీ మళ్ళీ ఎవరొస్తారండీ, నేను ఎటూ పోయేవాణ్ణి కాదుగా అన్నాడు.”

“నవంబరులోనా?” అంది ట్రెస్సా గ్యారెట్ వైపు తిరిగి. “అప్పుడు నేను నీతో మాట్లాడేదాన్ని కూడా కాదు!”

“మాట్లాడకపోతే మాత్రం? మీ కప్పు నేను చూశాను, పెద్ద గాలికి ఆగదు. మీకు నేలమాళిగ లేదు. గాలివానొస్తే మీరెక్కడికి పోతారు?”

“ఆమాట ఇందాక చెప్పొచ్చుగా, రుజువు అడిగినప్పుడు!”

“అది రుజువని నాకు తట్టలేదు,” అన్నాడు గ్యారెట్. నిజంగానే తట్టలేదని అతని మొహం చూస్తే తెలుస్తోంది.

పైకి వచ్చి చూస్తే వీధి సగం గుర్తుపట్టేలా లేదు. ట్రెస్సా వాళ్ళింటి కప్పు వెనక సగం లేదు, బాత్‌టబ్బు ఉన్న వైపు. అది చూసి నీవా గ్యారెట్ తడి చొక్కా కాలరు సరిచేసింది. ఎదురింటి డెల్బర్ట్ క్షేమంగా ఉన్నాడు, కుర్చీ మాత్రం కనపడలేదు.

“లిస్టులో మార్పులేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, మళ్ళీ నేనెక్కడ తిరుగుతానో,” అన్నాడు ఓర్విన్ పెన్సిలు తీస్తూ.

“నా చిరునామా మార్చాలండీ,” అంది ట్రెస్సా.

“ఎక్కడికి వెళ్తున్నావమ్మా?”

“ఎక్కడికీ వెళ్ళను. పక్కింటికే. ఎప్పటినుంచన్నది ఈయన్ని అడిగి చెప్తాను.”

గ్యారెట్ కాళ్ళ కింద కొమ్మ తగిలి పడబోయి, ఆమె భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు. “మేలో,” అన్నాడు, “మే మొదటివారం.”

“మేలో పెళ్ళి ఎవడు చేసుకుంటాడ్రా ఈ ఊళ్ళో!” అని కసిరింది నీవా. “టోర్నడోల నెల, సగం మంది చుట్టాలు గోతుల్లోనే ఉంటారు. జూన్ అని రాసుకో ఓర్విన్. పెన్సిలుతో కాదు, పెన్నుతో రాయి.”