చదివి వినిపించని వాంగ్మూలం

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి టైపిస్టక్క అనే పిలిచేవారు. హత్యలూ దోపిడీలూ లాంటి పెద్ద నేరాల కేసులు నడిపే ప్రాసిక్యూటర్ గారి ఆఫీసు అది. మూడు గదులు, ఒక వరండా. వరండాలో సాక్షులు కూర్చోవడానికి పొడుగాటి చెక్కబల్ల. ఎవరు ఎవర్ని ఎలా పొడిచారో, పొడిచినవాడు ఎటు పారిపోయాడో పందొమ్మిదేళ్ళుగా టైపు చేసి చేసి ఆవిడకి రక్తమన్నా చీకటన్నా లెక్కలేకుండా పోయింది. "అక్కయ్యకి దెయ్యం ఎదురైతే దాని ఊరూ పేరూ అడిగి రాసుకుంటుంది" అని జూనియర్ ప్లీడర్లు నవ్వుకునేవారు. ఆవిడా వాళ్ళతోపాటే నవ్వేది.

అదంతా ఇస్త్రీ అవ్వ రాకముందు సంగతి.

ఒక సందులో కొట్టు కట్టేసే వేళకి కిరాణా కొట్టాయనని ఎవరో పొడిచి చంపారు. ఎదుటి అరుగుమీద బట్టలు ఇస్త్రీ చేసుకునే అవ్వ తప్ప చూసినవాళ్ళు లేరు. కొట్టాయనతో అంతకుముందు వారమే తగువు పడ్డాడని పోలీసులు పక్కవీధి తాపీమేస్త్రీని పట్టుకొచ్చారు. ఇక కేసుకి ప్రాణమంతా అవ్వ నోట్లోనే ఉంది.

అవ్వ పొద్దున్న పదింటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, వంగిన నడుము, ఒంటినిండా నొప్పుల తైలం వాసన. తను చూసింది చెప్పింది. టైపిస్టక్క రాసుకుంది. పదకొండుకల్లా అయిపోయింది. శుభ్రంగా టైపు చేసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకోవడమే మిగిలింది.

లేవబోతూ అవ్వ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, మరవకుండా చదివి వినిపించు. ఒక మాట సరిగ్గా చెప్పలేదేమో అనిపిస్తోంది. అది దిద్దుకుని గాని వేలు వెయ్యను."

"అలాగే అవ్వా, బల్లమీద కూర్చో. పిలుస్తాను."

పిలవడానికి తీరిక దొరకలేదు. ఇంకో కేసులో బెయిలు కాగితాలు అర్జెంటుగా కావాలని ప్రాసిక్యూటర్ గారు ఆవిణ్ణి తన గదిలోనే కూర్చోబెట్టుకున్నారు. అవ్వ కాగితాలు టైపు చేసి వరండాలోకి వచ్చేసరికి మూడయింది.

అవ్వ గోడకి తల ఆనించుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది.

"అవ్వా... లే, అయిపోయింది."

భుజం కదిపింది. తల పక్కకి వాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క.

అరవాలి. ఎవర్నో ఒకర్ని పిలవాలి. ఆవిడ అరవలేదు.

తర్వాత తనకి తాను ఎన్నో సర్దిచెప్పుకుంది. ముద్ర లేకపోతే కేసు గాలికి పోతుందనీ, కొట్టాయన భార్య మొహం ఎలా చూడాలనీ, అందుకే అలా చేశాననీ. నిజానికి ఆ నిమిషంలో ఆవిడ మనసులో మెదిలింది ఒక్కటే. పొద్దుటి నుంచీ ముద్ర ఎందుకు వేయించలేదని సారు అందరి ముందూ కేకలేస్తారు. అంతే. అంత చిన్న భయం.

వరండాలో ఎవరూ లేరు. ఇంకుప్యాడు తెచ్చింది. అవ్వ ఎడమ బొటనవేలు దానికి అద్ది, కాగితం మీద నొక్కింది. వణుకుకి కుదరక మళ్ళీ, మళ్ళీ నొక్కింది. తడిగుడ్డతో ఆ వేలు తుడిచింది. ముద్ర వేసిన వేళ పదకొండున్నర అని టైపు చేసింది. అన్నీ సర్దాక, అప్పుడు అరిచింది.

బతికుండగా వేలు వేసిన వాంగ్మూలం కాబట్టి, మనిషి పోయినా మాట చెల్లుతుందంది కోర్టు. తాపీమేస్త్రీకి యావజ్జీవం పడింది. "నువ్వు లేకపోతే ఈ కేసు ఏమయ్యేదో అక్కయ్యా" అని ఆఫీసంతా మెచ్చుకుంది. ఆవిడ తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆవిడకి ఒళ్ళు కంపరమెత్తుతుంది.

ఇంట్లో భర్త కనిపెట్టాడు. "ఏమిటే, ఆ చెయ్యి అలా రుద్దుకుంటావు? తోలు ఊడొస్తోంది."

"ఇంకు అంటుకుంది లెండి."

"ఎక్కడా? నాకేం కనపడ్డంలేదే!"

ఆవిడ మాట మార్చేసింది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషికి కూడా చెప్పడానికి మొహం చెల్లలేదు.

రెండేళ్ళకి ఆ కేసు పైకోర్టుకి అప్పీలుకి వెళ్ళింది. పాత కాగితాలన్నీ మళ్ళీ టైపు చేసి పంపాలి. కోర్టుకి సెలవైనా ఆవిడ మధ్యాహ్నం భోంచేసి ఒక్కతే ఆఫీసుకి వచ్చింది. వాచ్‌మన్ తాళం తీసి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మూడు కావస్తుండగా మబ్బు కమ్మింది. గదిలో మూలలు ముందు చీకటిపడ్డాయి, తర్వాత బీరువాలు, తర్వాత ఆవిడ చేతులు. వాన మొదలైంది. కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయాక, రేకులమీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పాత కాగితాల చెమ్మ వాసన. ఫోను లైటు వేసుకుని ఫైలు తిప్పుతోంది. అవ్వ వాంగ్మూలం చేతికొచ్చింది.

వరండాలో బల్ల కిర్రుమంది.

వాచ్‌మన్ తడిసి లోపలికి వచ్చి కూర్చున్నాడేమో అనుకుంది. "ఎవరూ?" అంది. చెమ్మ వాసనలోంచి ఇంకో వాసన సన్నగా పైకి తేలింది.

నొప్పుల తైలం.

ఆవిడ కుర్చీలోంచి లేవబోయింది.

"అమ్మాయ్..."

గొంతు చాలా మెల్లగా ఉంది. కోపంగా లేదు. పొద్దుటి నుంచీ కూర్చుని కూర్చుని అలిసిపోయిన మనిషి గొంతు.

"అయిందా... అమ్మాయ్? ఇంకా పిలవలేదేం?"

తలుపు సగం తెరిచి ఉంది. అవతల చీకటి. అటు చూడకూడదు... చూడలేదు.

"చదువు... వింటాను."

కాగితం ఫోను లైటు కిందికి జరుపుకుంది. చదవడం మొదలుపెట్టింది.

"నేను ఆ సందులో ఇస్త్రీ చేసుకుని బతుకుతాను..."

"ఊఁ."

"ఆ రోజు కొట్టు కట్టేసే వేళకి కేక వినపడింది..."

"ఊఁ."

ఊఁ అన్నప్పుడల్లా బల్ల కిర్రుమంటోంది. మూడో ఊఁకి ఆ గొంతు గుమ్మం దగ్గరికి వచ్చేసింది. నాలుగోదానికి... కుర్చీ వెనక్కి.

"వీధిదీపం వెలుగులో పొడిచిన మనిషి మొహం చూశాను. అతను... తాపీమేస్త్రీ."

ఊఁ రాలేదు.

ఆవిడ ఆగింది. వానచప్పుడు కూడా దూరంగా జరిగిపోయినట్టుంది. మెడమీద చల్లటి ఊపిరి.

"మొహం చూళ్ళేదమ్మాయ్... చొక్కా చూశాను. సున్నం మరకల చొక్కా."

కాగితంలో ఆ వాక్యం మీద ఆవిడ వేలు ఆగిపోయింది.

"చొక్కా ఎవరైనా తొడుక్కోవచ్చుగా... ఇదే దిద్దమన్నాను."

ఆవిడకి ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఇంత చిన్న మాట. రెండు నిమిషాలు చదివి వినిపిస్తే తేలిపోయే మాట.

"దిద్దుతాను అవ్వా."

"దిద్దుతావా?"

"దిద్దుతాను."

"ఊఁ."

లైట్లు వెలిగేసరికి వరండాలో బల్ల ఖాళీగా ఉంది. వాచ్‌మన్ని అడిగితే తను గేటు వదిలి రాలేదన్నాడు.

ఆ రాత్రే భర్తకి చెప్పింది. ఆయన ఆవిడ రుద్దుకుంటున్న చెయ్యి పట్టుకుని ఆపాడు. "పొద్దున్న నేనూ వస్తాను, పద" అన్నాడు. ఆవిడే వద్దంది.

ప్రాసిక్యూటర్ గారు అంతా విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"పోయిందని తెలిసే వేశావా?"

"తెలిసే వేశాను సార్."

"ఉద్యోగం పోతుంది. నిన్నూ బోనెక్కిస్తారు."

"తెలుసు సార్."

ఆయన ఆవిడ మొహంలోకి చూడలేకపోయారు. "పదకొండున్నరకి నువ్వు నా ఎదురుగా కూర్చుని బెయిలు కాగితాలు టైపు చేస్తున్నావు. కాగితం మీద ఆ టైము చూసినరోజే నాకు అర్థమైంది. అడగలేదు. కేసు గెలుస్తున్నాం కదా అని... అడగలేదు."

ఇద్దరూ కలిసే జడ్జిగారి దగ్గరికి వెళ్ళారు. జైలునుంచి తాపీమేస్త్రీని తీసుకొచ్చి ఆవిడ చెప్పిందంతా అతని ముందే చదివారు. తిడతాడనుకుంది. మీదపడి కొట్టినా బాగుండుననుకుంది. రెండేళ్ళు పనిలేక మెత్తబడిపోయిన చేతులు అతను ఒకసారి చూసుకుని, "పోన్లెండి అక్కా, ఇప్పటికైనా చెప్పారు" అన్నాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆవిడ మాట నిజమో కాదో తేల్చమని ఆ కాగితాన్ని వేలిముద్రల నిపుణుడికి పంపారు. నెల తర్వాత ఆయన ఆవిణ్ణి తన గదికి పిలిపించాడు. బల్లమీద భూతద్దం కింద అవ్వ ముద్ర ఉంది. పక్కన, ఆ రోజు అవ్వ శవాన్ని పరీక్షించిన డాక్టరు రాసిన కాగితం ఉంది.

"ఇంకోసారి చెప్పండమ్మా. ముద్ర వేసింది మూడింటికి. అప్పటికే ప్రాణం లేదు. అంతేనా?"

"అంతే సార్. చెయ్యి మంచులా ఉంది."

"డాక్టరు కూడా పన్నెండు దాటకుండానే పోయిందని రాశాడు." ఆయన భూతద్దం ఆవిడ వైపు జరిపాడు. "ప్రాణంలేని వేలు నొక్కితే గీతలు కదలకుండా కుదురుగా పడాలి. ఇక్కడ అంచు చూడండి. సాగిపోయాయి. ఇక్కడ. మళ్ళీ ఇక్కడ."

"అంటే... ఏమిటి సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఈ వేలు వెనక్కి గుంజుకుందమ్మా. మీరు మళ్ళీ నొక్కారు. మళ్ళీ గుంజుకుంది. మూడుసార్లు... నన్నేం రాయమంటారు?"

ఆవిడ తన చేతివంక చూసుకుంది. ఆ వేళ వణికింది తన చెయ్యేననుకుంది ఇన్నాళ్ళూ.