వత్సవాయిలో పచ్చకన్ను

వత్సవాయి చివర బ్రహ్మయ్య గారి పాడింటి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. రాత్రి పదకొండింటికి కోత ముగిసి కరెంటు రాగానే... ఆ కిటికీలో పచ్చటి కన్ను ఒకటి మెల్లగా తెరుచుకునేది. లోపల ఎవరో మూలిగేవారు. ఇంటాయన పోయి ఏడాదైనా లైన్‌మన్ భయపడి ఫీజు పీకలేదంటే, ఇక మిగతావాళ్ల సంగతి చెప్పాలా!

ఎనభై నాలుగు నాటి మాట. మా వీధి జ్ఞానయ్య బాబాయి దగ్గరుండి చూసి చెప్పింది.

ఆయన బావ జీవరత్నం మాస్టారిది జగ్గయ్యపేట. ట్రాన్సిస్టర్లొచ్చాక జనం అటకెక్కించిన పాత గాజు వాల్వుల రేడియోలన్నీ తెచ్చి, బాగుచేసి, బిడ్డల్లా దాచుకునేవాడు. పిచ్చి మాస్టారంటే నవ్వేవాడు. భార్య ప్రేమకుమారి పోయాక ఆ నవ్వూ పోయింది.

ఆవిడ పాడిన పాట ఒకే ఒక్కటి స్పూల్ టేపు మీద మిగిలింది. టేపు పొడి రాలుతోంది... ఇంకో వానాకాలం ఆగదు. వినిపించే టేప్‌రికార్డర్‌లో వాల్వు మాడిపోయింది. బెజవాడంతా తిరిగినా దొరకలేదు.

పచ్చకన్ను మాట చెవిన పడగానే మాస్టారు లేచాడు.

"దెయ్యం కాదు జ్ఞానయ్యా... పాత రేడియోలో స్టేషను కలిసిందని చూపే దీపం అది, ఆ మూలుగూ దానిదే. బ్రహ్మయ్య గారు స్విచ్ ఆపకుండా పోయారు. ఆ రేడియోలో మనకి కావాల్సిన వాల్వు బతికే ఉంది!"

ఇద్దరూ సైకిళ్ల మీద వెళ్లారు. పదకొండయింది. కరెంటొచ్చింది. ఒక నిమిషం... కన్ను తెరుచుకుంది. మూలుగు మొదలైంది.

"బావా... వద్దు, వెళ్లిపోదాం."

మాస్టారు వినలేదు. లోపలికెళ్లాడు. మూలుగు ఠక్కున ఆగింది... కాసేపటికి వాల్వు తువ్వాలులో చుట్టుకుని బయటికొచ్చాడు.

ఇంటికొచ్చాక వాల్వు బిగించి, టేపు ఎక్కించి, తొందరలో మీట నొక్కాడు. చక్రాలు తిరిగాయి. పాట రాలేదు.

"కుమారీ... ఒక్కసారి పలకవే... ఒక్క మాట..." పెట్టె మీద తల పెట్టి ఏడ్చాడు.

అప్పుడు చూశాడు బాబాయి. పక్కనున్న ఎర్ర మీట కూడా దిగి ఉంది. మైకు తగిలించే ఉంది. పాట మీద రికార్డవుతోంది!

"ఆపు బావా!"

అప్పటికే టేపు కొస జారిపోయింది. పాటంతా చెరిగిపోయింది.

"నా చేత్తో నేనే చెరిపేసా జ్ఞానయ్యా..."

ఏమైనా మిగిలిందేమోనని బాబాయి వెనక్కి తిప్పి పెట్టాడు. మాస్టారి గొంతే వచ్చింది. "కుమారీ... ఒక్కసారి పలకవే... ఒక్క మాట..." తర్వాత ఏడుపు.

ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే. మూడో మనిషి లేడు.

టేపులో ఏడుపు సన్నగిల్లింది... దాని వెనకాల, మెల్లగా, ఒక ఆడగొంతు —

"అన్నం తిన్నారా?"